ఎగుమతి పెట్టెలో ఎవరి సరుకు?

పెళ్ళివారు తరలివెళ్ళాలన్నా, ఇంటిల్లిపాదీ తిరుపతి పోవాలన్నా, నాయకుడి వెనక అనుచరులు బారులు తీరాలన్నా మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మొదట గుర్తొచ్చే బండి ఇన్నోవా. దాన్ని జపాన్ బండి అంటాం. బెంగళూరు పక్కన బిడదిలో తయారవుతుంది కాబట్టి మన దేశపు బండి అన్నా తప్పులేదు. కానీ దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వితే మరో మూడు దేశాల పేర్లు బయటికొస్తాయి. ఆ దేశాలు తమలో తాము సుంకాలు లేకుండా సరుకు పంపుకోవడానికి ఒప్పందాలు రాసుకున్నాయి. ఆ ఒప్పందాల్లో పత్రికల్లో పెద్దగా కనిపించని నిబంధన ఒకటుంది. ఇవాళ మనం మాట్లాడుకోబోయేది దాని గురించే.

2004లో టయోటా కంపెనీ థాయ్‌లాండ్‌లో కొత్త వరస బండ్లు మొదలుపెట్టింది. ఒకే ఛాసిస్ మీద హైలక్స్ అనే పికప్ ట్రక్కు, ఇన్నోవా, ఫార్చ్యూనర్. డీజిల్ ఇంజన్లు థాయ్‌లాండ్‌లో చేయాలి. పెట్రోల్ ఇంజన్లు ఇండోనేషియాలో. చేత్తో మార్చే గేర్‌బాక్సులు ఫిలిప్పీన్స్‌లోనూ, మన బిడదిలోనూ. ఒక్కో చోట ఒక్కో భాగం భారీ ఎత్తున తయారుచేసి, బండిని బిగించే దేశాలన్నిటికీ ఓడల్లో పంపాలి. అలా బిగించిన బండ్లు మళ్ళీ ఇతర దేశాలకు ఎగుమతి కావాలి. పథకం అది.

ఇది హఠాత్తుగా పుట్టిన ఆలోచన కాదు. అంతకు ముందు ఆగ్నేయాసియాలో చాలా దేశాలు తమ కారు తామే చేసుకోవాలని పంతం పట్టాయి. చేసుకున్నాయి కూడా. కానీ ఏడాదికి కొన్ని వేల బండ్లు అమ్ముడుపోయే దేశంలో ఇంజన్ల కర్మాగారం పెడితే ఒక్కో ఇంజన్ ఖరీదు ఎంతవుతుందో ఊహించుకోవచ్చు. 1988లో అక్కడి కూటమి అయిన ఆసియాన్ దేశాలు ఒక మెట్టు దిగాయి. ఒకే కంపెనీ తన విడిభాగాలను కూటమిలోని దేశాల మధ్య తిప్పుకుంటే సుంకంలో సగం తగ్గిస్తామన్నాయి. పొరుగు దేశపు భాగాన్ని తమ దేశంలో చేసినదానితో సమానంగా లెక్కిస్తామనీ ఒప్పుకున్నాయి. ఈ ఏర్పాటు కోసం ముందు పట్టుబట్టింది మిత్సుబిషి. టయోటా, నిస్సాన్ వెంట వచ్చాయి. 1992లో ఆసియాన్ స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం మీద సంతకాలయ్యాక సుంకాలు మెట్లుమెట్లుగా పడిపోయాయి.

ఇక్కడే ఆ నిబంధన రంగంలోకి వస్తుంది. కూటమిలోని దేశాల సరుకుకు సుంకం లేదన్నారు. బాగుంది. మరి ఒక సరుకు కూటమిలో పుట్టిందని తేల్చేదెలా? వరి గింజకైతే చిక్కు లేదు, పండిన పొలమే దాని ఊరు. కారుకు అలా కుదరదు. ఉక్కు ఒక చోటిది, రబ్బరు ఇంకో చోటిది, లోపలి చిప్పులు మరెక్కడివో. కాబట్టి ఒక కొలత పెట్టుకున్నారు. ఆసియాన్‌లో సాధారణంగా అది 40 శాతం. బండి విలువలో కనీసం అంత భాగం ఆసియాన్ దేశాలన్నిటిలో కలిపి చేరి ఉండాలి. మిగతా 60 ఎక్కడిదైనా సరే. దీన్ని రూల్స్ ఆఫ్ ఆరిజిన్ అంటారు. థాయ్‌లాండ్‌లో బిగించిన ట్రక్కులో ఫిలిప్పీన్స్ గేర్‌బాక్సు ఉంటే అది సొంత సరుకు కిందే లెక్క. అదే ట్రక్కులో బిడది గేర్‌బాక్సు ఉంటే, ఆ ట్రక్కు మలేషియాకు పోయేటప్పుడు, అది పరాయి సరుకు. ఇనుము అదే, కొలతలు అవే, కంపెనీ ఒకటే. తేడా కాగితంలో ఉంది.

ఈ తేడాను మనసులో పెట్టుకోండి, దీనితో పని ఉంది.

ముందు ఎగుమతుల అంకెల సంగతి చూద్దాం. ఫలానా దేశం ఇన్ని వేల కోట్ల డాలర్ల సరుకు ఎగుమతి చేసిందని చదువుతుంటాం. ఆ అంకె నిజమే. కానీ అందులో ఆ దేశం దిగుమతి చేసుకున్న భాగాల ఖరీదు కూడా కలిసి ఉంటుంది. ఆ భాగాలను పంపిన దేశం వాటిని తన ఎగుమతుల్లో అప్పటికే రాసుకుంది. ఒకే అయిదొందల నోటు నలుగురి చేతులు మారితే ఊళ్ళో రెండు వేలున్నాయని లెక్కకట్టినట్టు. 2010లో ఆసియా అభివృద్ధి బ్యాంకు సంస్థకు రాసిన ఒక పత్రంలో ఇద్దరు ఆర్థికవేత్తలు ఐఫోన్‌ను విప్పి చూపించారు. అప్పటి మోడల్ తయారీ ఖర్చు 178.96 డాలర్లు. అందులో చైనా కార్మికులు బిగించినందుకు పడింది 6.50 డాలర్లు, అంటే నాలుగు శాతం కన్నా తక్కువ. మిగిలినదంతా జపాన్, జర్మనీ, దక్షిణ కొరియా, అమెరికా వంటి దేశాల భాగాలు. కానీ అమెరికా కస్టమ్స్ పుస్తకంలో మొత్తం ఫోను చైనా నుంచి వచ్చినట్టే పడింది. రాజకీయ నాయకులు చైనాతో లోటు గురించి కోపంగా ప్రసంగాలు చేసేది ఆ పుస్తకం చూసే. 2013లో ఓఈసీడీ, ప్రపంచ వాణిజ్య సంస్థ కలిసి, ఏ దేశం ఎంత విలువ జోడించిందో విడదీసి చూపే గణాంకాలు విడుదల చేశాక ఆర్థికవేత్తల మాటతీరు మారింది. టీవీ చర్చలు మాత్రం పాత పుస్తకాన్నే పట్టుకుని ఉన్నాయి.

ఈ విడదీత అన్నిటికన్నా ఆసక్తికరంగా కనిపించేది మెక్సికో, అమెరికా సరిహద్దులో. 1965 నుంచే అక్కడ మకిలాదోరాలు అనే కర్మాగారాలున్నాయి. అమెరికా నుంచి భాగాలు సుంకం లేకుండా తెచ్చుకుని, బిగించి, తిరిగి పంపేవి. 1994 జనవరి 1న నాఫ్టా ఒప్పందం అమల్లోకి రావడంతో అమెరికా, కెనడా, మెక్సికో ఒక కూటమి అయ్యాయి. తర్వాత ఏం జరిగిందంటే, మెక్సికో నుంచి అమెరికా కొనే సరుకులో అమెరికా సరుకే భారీగా ఉండటం మొదలైంది. బాగా పేరున్న ఒక అధ్యయనం లెక్క ప్రకారం అది సుమారు 40 శాతం. చైనా నుంచి కొనే సరుకులో అది 4 శాతమే. ఆ లెక్కన మెక్సికో సరుకు మీద అమెరికా వంద రూపాయల పన్ను వేస్తే అందులో నలభై తన కార్మికుల చేతిపని మీదే పడుతుంది.

నాఫ్టాలో కారుకు పెట్టిన కొలత 62.5 శాతం. దాన్ని లెక్కించడానికి 1990ల మొదట్లో విడిభాగాల జాబితా ఒకటి తయారుచేశారు. జాబితాలో లేని భాగం ఏదైనా సరే, కూటమిలో పుట్టినట్టే లెక్క. అప్పట్లో కార్లలో ఎలక్ట్రానిక్స్ అంతగా లేవు. తర్వాతి ఇరవై ఏళ్ళలో తెరలు, సెన్సర్లు, కెమెరాలు వచ్చి చేరాయి. వాటిలో చాలా వాటి పేర్లు జాబితాలో లేవు. ఎక్కడో ఆసియాలో చేసిన తెర ఉత్తర అమెరికా బిడ్డగా చలామణి అయిపోయింది. చట్టం రాసినవాళ్ళు మోసపోలేదు, ఎవరూ మోసం చేయనూ లేదు. జాబితా ముసలిదైపోయింది, అంతే.

2020 జూలై 1న నాఫ్టా స్థానంలో యూఎస్ఎంసీఏ వచ్చింది. కారుకు కొలత 75 శాతానికి పెంచారు. ఉక్కు, అల్యూమినియంలో 70 శాతం ఉత్తర అమెరికాదే కావాలన్నారు. ఇంకో కొత్త షరతు కూడా పెట్టారు. కారు విలువలో 40 శాతం, ట్రక్కుకైతే 45 శాతం, గంటకు కనీసం 16 డాలర్ల సగటు జీతం ఇచ్చే కర్మాగారాల్లో తయారవ్వాలి. మెక్సికో కార్ల కర్మాగారాల్లో సగటు జీతం అంతకన్నా చాలా తక్కువ కాబట్టి ఈ షరతు ఎవరి మేలు కోరి పెట్టారో చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత వచ్చిన తగాదా కొంచెం ఓపిగ్గా వినాలి. ఒక ఇంజన్ ఉంది, ఖరీదు వంద డాలర్లు. అందులో 75 డాలర్ల పని ఉత్తర అమెరికాది, 25 డాలర్ల భాగాలు జపాన్‌వి. ఇంజన్‌కు పెట్టిన కొలత 75 శాతం. అది నెగ్గింది కాబట్టి ఇంజన్ కూటమి సరుకే. ఇప్పుడు దీన్ని కారులో పెట్టాం. కారు లెక్కలో ఈ ఇంజన్‌ను వంద డాలర్ల సొంత సరుకుగా చూడాలా, 75గా చూడాలా? వంద అన్నాయి మెక్సికో, కెనడా. కాదు 75 అంది అమెరికా. వివాదం తీర్పుదారుల ముందుకు వెళ్ళింది. 2023 జనవరిలో వెలువడిన నిర్ణయం మెక్సికో, కెనడాల పక్షాన నిలిచింది. అమెరికాకు అది రుచించలేదు.

చూడటానికి ఇది గుమస్తాల లెక్కల తగువులా ఉంటుంది. కానీ ఆ 25 డాలర్ల మీద ఒక జపాన్ కర్మాగారం నిలబడుతుందా, దాని స్థానంలో ఒహాయోలో ఇంకొకటి వెలుస్తుందా అన్నది ఆధారపడి ఉంది. అయితే నిబంధన మరీ బిగిస్తే ఇంకో ముప్పుంది. అప్పట్లో అమెరికాలో మామూలు కారు మీద దిగుమతి సుంకం 2.5 శాతమే. కాగితాలు, లెక్కలు, తనిఖీల తిప్పలు ఎవరు పడతారులే అని కొన్ని కంపెనీలు ఒప్పందాన్ని పక్కనపెట్టి ఆ రెండున్నర శాతం కట్టేశాయి. కూటమి తలుపు తీసే ఉన్నా సుంకం గేటులోంచే వెళ్ళాయన్నమాట. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం కార్ల మీద అదనంగా 25 శాతం వేయడంతో కథ తిరగబడింది. యూఎస్ఎంసీఏ కొలత నెగ్గిన కార్లకు ఇచ్చిన వెసులుబాటు ఏమిటంటే, ఆ పన్ను కారులోని అమెరికాయేతర భాగం మీదే పడుతుంది. ఇన్నాళ్ళూ ఆర్థికవేత్తల పత్రాల్లో నలిగిన లెక్క ఇప్పుడు పన్ను రసీదులోకి ఎక్కింది.

మన ఉపఖండం కథ దీనికి పూర్తిగా వేరు. ఇక్కడ బాధ నిబంధన బిగుతు కాదు, వదులు.

భారత, శ్రీలంక ఒప్పందం 2000 మార్చిలో అమల్లోకి వచ్చింది. శ్రీలంకలో 35 శాతం విలువ జోడిస్తే మన దేశంలోకి సుంకం లేదు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే శ్రీలంక నుంచి వనస్పతి, రాగి విపరీతంగా రావడం మొదలైంది. శ్రీలంకకు రాగి గనులు లేవు. వనస్పతికి కావలసిన పామాయిల్ కూడా అక్కడ అంతంత మాత్రమే. పామాయిల్ మలేషియా, ఇండోనేషియాల నుంచి దిగేది, వనస్పతిగా మారి మన దగ్గరికి వచ్చేది. తుక్కు రాగి దిగేది, కరిగి అచ్చులై వచ్చేది. అదే పామాయిల్‌ను మన వ్యాపారి నేరుగా తెప్పించుకుంటే భారీ సుంకం కట్టాలి. విచిత్రమేమిటంటే, అక్కడ ఆ కర్మాగారాలు పెట్టినవాళ్ళలో మన దేశపు పెట్టుబడిదారులే చాలామంది. 2006లో వనస్పతికి ఏడాదికి రెండున్నర లక్షల టన్నుల పరిమితి పెట్టాక ఆ ప్రవాహం తగ్గింది. సుంకాల్లో తేడా ఉన్నంత కాలమే ఆ కర్మాగారాలకు పని. తేడా పోయాక చాలావరకు మూతపడ్డాయి.

నేపాల్ సోయానూనెది తాజా కథ. నేపాల్‌లో సోయా పంట చాలా తక్కువ. ముడినూనె అర్జెంటీనా వంటి దేశాల నుంచి వస్తుంది. సముద్రం లేని దేశం కాబట్టి అది దిగేది మన కోల్‌కతా, హల్దియా రేవుల్లోనే. అక్కడి నుంచి నేపాల్ వెళ్ళి, శుద్ధి అయ్యి, దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద సుంకం లేకుండా మళ్ళీ మన దేశంలోకే వస్తుంది. వెనకబడిన దేశాలకు ఈ ఒప్పందంలో 30 శాతం విలువ జోడింపు చాలు. 2024 సెప్టెంబరులో మన ప్రభుత్వం వంటనూనెల మీద సుంకం పెంచగానే ఈ రాక ఒక్కసారిగా పెరిగింది. మన సోయా రైతు కోసం పెంచిన సుంకం అది. లాభం ఎవరి ఖాతాలో పడిందో వేరే చెప్పాలా?

ఇలాంటివి చూసి, పరాయి సరుకు కలిసిన ఎగుమతి అంటేనే దొంగతనమని తీర్మానించేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. బంగ్లాదేశ్‌ను చూడండి. వెనకబడిన దేశాల బట్టలకు యూరప్ సుంకం ఎత్తేసింది. కానీ 2010 దాకా ఒక షరతు ఉండేది. నూలు నుంచి గుడ్డ, గుడ్డ నుంచి దుస్తులు, ఈ రెండు మెట్లూ అక్కడే జరగాలి. బనియన్లు, టీషర్టులకు ఫరవాలేదు, ఆ అల్లిక గుడ్డ వాళ్ళే నేసుకునేవారు. ప్యాంట్లు, చొక్కాల గుడ్డ మాత్రం చాలావరకు చైనా, ఇండియాల నుంచి రావాలి. కాబట్టి వాటికి రాయితీ దక్కేది కాదు. 2011 జనవరి 1 నుంచి యూరప్ ఒక్క మెట్టు చాలంది. గుడ్డ ఎక్కడిదైనా సరే, కుట్టడం బంగ్లాదేశ్‌లో జరిగితే చాలు. ప్యాంట్లు, చొక్కాల ఎగుమతి ఊపందుకుంది. అందులో పరాయి గుడ్డ వాటా ఎక్కువే. కానీ ఆ కుట్టు మిషన్ల ముందు కూర్చున్నది లక్షలాది మంది బంగ్లాదేశ్ ఆడవాళ్ళు. వాళ్ళ చొక్కాల్లో మన నూలు కూడా ఉంది. గుంటూరు పత్తో, ఆదిలాబాద్ పత్తో అందులో కలిసి ఉన్నా ఆశ్చర్యం లేదు. 2025 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ భూమార్గాన మన నూలు రాకుండా ఆపేసినప్పుడు మన మిల్లులవాళ్ళు కంగారుపడింది అందుకే.

వియత్నాం ఎగుమతుల్లో పరాయి విలువ సగం చుట్టుపక్కల ఉంటుంది. మన వాటా అంతకన్నా చాలా తక్కువ. దాన్ని మనం గొప్పగా చెప్పుకోవచ్చా? లెక్క వేసి చూడండి. ఇరవై రూపాయల ఎగుమతిలో ఎనభై శాతం మనదైతే మనకు మిగిలేది పదహారు. వంద రూపాయల ఎగుమతిలో సగమే మనదైనా యాభై. శాతం చూసి మురిసిపోయేవాళ్ళు ఎంత మీద శాతమో అడగరు.

అయితే ఆ సగంలో ఏముందన్నదే అసలు ప్రశ్న. స్క్రూలు బిగించడమేనా, ఇంజన్ చేయడమా? థాయ్‌లాండ్ మొదట బిగించింది, తర్వాత డీజిల్ ఇంజన్లు చేసింది. చుట్టూ వందల విడిభాగాల కంపెనీలు పెరిగాయి. బిగింపు దగ్గరే ఆగిపోయిన దేశాలూ ఉన్నాయి. మన దగ్గర సుంకాలు చాలాకాలం తలకిందులుగా నడిచాయి. 2004 సెప్టెంబరులో థాయ్‌లాండ్‌తో మొదలైన తొలి ఒప్పందంలో 82 వస్తువులున్నాయి. వాటిలో గేర్‌బాక్సులున్నాయి, ఏసీలూ ఉన్నాయి. బిడదికి అది కలిసొచ్చింది. ఏసీ తయారీదారులకు మాత్రం తలనొప్పి తెచ్చింది. తయారైన ఏసీ థాయ్‌లాండ్ నుంచి సుంకం లేకుండా వస్తుంటే, ఇక్కడ చేసేవాడు బయటి నుంచి తెప్పించే భాగాల మీద సుంకం కట్టాలి. ఇక ఇక్కడ ఎవరు చేస్తారు? ఇవాళ శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్, లాయిడ్ ఏసీ కర్మాగారాలున్నాయి. అవి రావడానికి మార్కెట్ పెరగడంతో పాటు ప్రభుత్వ విధానం మారడం కూడా కారణం. గ్యాసు నింపిన ఏసీల దిగుమతిని 2020 అక్టోబరులో కేంద్రం నిషేధించింది. ఏసీకి గుండెకాయ అయిన కంప్రెసర్ మాత్రం ఇప్పటికీ ఎక్కువగా బయటి నుంచే వస్తోంది. పెనుకొండలో కియా వచ్చినప్పుడు దాని వెంట కొరియా విడిభాగాల కంపెనీలు కూడా వచ్చి చుట్టూ స్థిరపడ్డాయి. నాకు కారు కన్నా ఆ చిన్న కంపెనీలే ముఖ్యంగా కనిపిస్తాయి. వాటి దగ్గర పనిచేసిన మన కుర్రాడు రేపు సొంతంగా ఒక షెడ్డు వేసుకోగలడు.

ఇందాక మనసులో పెట్టుకోమన్న కాగితం సంగతికి వద్దాం. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మన దేశం ఆర్‌సెప్ అనే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందపు చర్చల నుంచి తప్పుకుంది. చైనా సరుకు ముంచెత్తుతుందని, పాడి రైతు దెబ్బతింటాడని భయం. ఆ భయం ఉత్తిది కాదు. పాల విషయంలో నేను కూడా ఆ నిర్ణయం పక్షమే. కానీ దానికి మనం చెల్లిస్తున్న మూల్యం గురించి ఎవరూ మాట్లాడరు. 2022 జనవరి 1 నుంచి ఆ ఒప్పందం అమలవుతోంది. 15 దేశాలు, చైనా, జపాన్, కొరియాలతో సహా, ఒకరి భాగాలను మరొకరు సొంత సరుకుగా లెక్కేసుకుంటున్నాయి. వియత్నాంలో ఒక కర్మాగారం యజమాని జపాన్‌కు ఎగుమతి చేసే యంత్రానికి ఒక భాగం కొనాలనుకుందాం. చైనాదైతే కొలతలో కలుస్తుంది, జీడిమెట్లదైతే కలవదు. ధర ఒకటే అయినా ఆర్డరు ఎటు పోతుంది? చైనా సరుకు మన ఇంట్లోకి రాకుండా తలుపు వేసుకున్నాం, సరే. అదే తలుపు మన విడిభాగం బయటికి పోవడానికీ అడ్డమే. ఆసియాన్‌తో మన పాత ఒప్పందాన్ని తిరగరాసే చర్చలు 2023లో మొదలయ్యాయి. లోటు తగ్గించమని అడగడంతో పాటు, మన భాగాలను అక్కడి లెక్కలో ఎలా కలుపుతారన్నది గట్టిగా అడగాలని నా అభిప్రాయం.

చివరగా, బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో చిన్న కర్మాగారం నడుపుతున్నవాళ్ళు ఈ ప్రసంగం వింటుంటే వాళ్ళకో మాట. ఒప్పందాల కింద రాయితీ దానంతట అది రాదు, అడిగి తీసుకోవాలి. మీరు బయటికి పంపే సరుకుకు సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఉంటేనే అవతల కొనేవాడికి సుంకం తగ్గుతుంది. దానికి కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య విభాగమైన డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. మీరే రాయితీతో దిగుమతి చేసుకుంటుంటే, 2020 సెప్టెంబరు 21 నుంచి అమల్లో ఉన్న కస్టమ్స్ నిబంధనల ప్రకారం ఆ సరుకు నిజంగా అక్కడ పుట్టిందని చూపే వివరాలు మీ దగ్గర ఉండాలి. ఎగుమతిదారు సంతకం ఉన్న కాగితం ఒక్కటే చాలదు. విలువ ఎలా జోడయిందో అడిగితే చెప్పగలగాలి. ఆ కాగితాలను అయిదేళ్ళు జాగ్రత్తగా దాచుకోండి. అధికారి అడిగిన రోజున వెతుక్కుంటే దొరకవు.